విమానయాన సంస్థలు విలీనమవుతుంటే యూనియన్ ముందుగా చేయాల్సిన పనులు

విలీనం వార్త బయటికి రాగానే చాలా యూనియన్లు జీతాల హామీ అడుగుతాయి. ముందు పట్టుకోవాల్సింది సీనియారిటీ జాబితాని. జీతంలో తేడా వస్తే రేపు బకాయిలతో సరిదిద్దొచ్చు. జాబితాలో కిందికి జారినవారు మాత్రం కెప్టెన్ అయ్యే వంతులో, కోరుకున్న బేస్‌లో (డ్యూటీ మొదలయ్యే ఊళ్లో), సెలవుల్లో రిటైరయ్యేదాకా వెనకే. ఉద్యోగాల కోత వస్తే చివర చేరినవారే ముందు బయటికి.

2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. ఉద్యోగులను ఎలా కలపాలో తేల్చడానికి ధర్మాధికారి కమిటీని వేసింది 2011లో! ఆ ఏడాది ఒక వైపు పైలట్లు సమాన జీతాల కోసం సమ్మె చేశారు. మరుసటి ఏడాది రెండో వైపు పైలట్లు, బోయింగ్ 787 శిక్షణ ఎవరికన్న తగాదాతో 58 రోజులు సమ్మెలో ఉన్నారు.

జాబితా తయారీని యాజమాన్యానికే వదలొద్దు. ప్రతి సభ్యుడి నుంచి నియామక పత్రం, ప్రస్తుత హోదా వచ్చిన తేదీ, టైప్ రేటింగ్ (ఏ రకం విమానం నడపగలరన్న అర్హత), 12 నెలల పే స్లిప్పులు, సెలవుల నిల్వ, మిగిలిన ట్రైనింగ్ బాండ్ (శిక్షణకు బదులుగా ఇంతకాలం పనిచేస్తామన్న ఒప్పందం) వివరాలు తీసుకుని సంతకం చేయించండి. విలీన ప్రకటనకు ముందు రోజునే కటాఫ్‌గా పెట్టమని లేఖ రాయండి. లేదంటే మధ్యలో హడావుడిగా ఇచ్చే ప్రమోషన్లు వరుసను తారుమారు చేస్తాయి.

ఇక అవతలి యూనియన్‌తో విడిగా కూర్చోవాలి. చేరిన తేదీ ప్రకారం కలిపితే పాత కంపెనీవాళ్లకు లాభం, హోదాలవారీ నిష్పత్తిలో (ఒక్కో హోదాలో రెండు వైపుల వారినీ వాళ్ల సంఖ్యను బట్టి వరుసలో పేర్చి) కలిపితే వేగంగా ఎదిగిన కొత్త కంపెనీవాళ్లకు. రెండూ కొంత కొంత కలిపి, కొన్నేళ్లపాటు ఎవరి విమానాలు, బేస్‌లు వాళ్లకే ఉంచడం మధ్యేమార్గం. అమెరికాలో టీడబ్ల్యూఏని 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నప్పుడు టీడబ్ల్యూఏ ఫ్లైట్ అటెండెంట్లను జాబితా అట్టడుగున చేర్చారు. ఆ గొడవ తర్వాతే 2007లో మెకాస్కిల్–బాండ్ చట్టం వచ్చింది: న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తి తేల్చాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. మధ్యవర్తి షరతును ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఆ ఒప్పందం ఎక్కడ కుదిరిందన్నది కూడా ముఖ్యమే. యాజమాన్యంతో నేరుగా చేసుకున్నది సంతకం పెట్టిన పక్షాలనే కట్టిపడేస్తుంది. కేంద్ర లేబర్ కమిషనర్ యంత్రాంగంలోని రాజీ అధికారి ముందు కుదిరితే సభ్యులు కానివారికీ, కంపెనీని తీసుకున్న కొత్త యజమానికీ వర్తిస్తుంది.

అందులో మూడు మాటలు తప్పకుండా ఉండాలి: సర్వీసుకు విరామం లేదు, షరతులు ఇప్పటికంటే తక్కువ కావు, రేపు తొలగిస్తే పరిహారాన్ని పాత సర్వీసు కూడా కలిపి లెక్కిస్తారు. ఈ మూడింటిలో ఏది లోపించినా, బదిలీ అయినప్పుడే పూర్తయిన ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం అడిగే హక్కు చట్టంలో ఉంది. ప్రసూతి సెలవులో, సస్పెన్షన్‌లో ఉన్నవారి పేర్లు, ఫిక్స్‌డ్ టర్మ్‌వారి (నిర్ణీత కాలానికి తీసుకున్నవారి) పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. జారిపోయేవి అవే.

చాలామంది మరిచే లెక్క ఇంకోటుంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, మస్టర్ రోల్‌లో (ఉద్యోగుల హాజరు పట్టీలో) 51 శాతం సభ్యత్వం ఉన్న యూనియనే ఏకైక సంప్రదింపుల యూనియన్, అంటే యాజమాన్యంతో చర్చలు జరిపేది. 1,000 మందిలో 600 మంది మీవారైతే 60 శాతం. అవతల 800 మంది వచ్చి కలిస్తే మీది 33 శాతానికి పడిపోతుంది. అందుకే పైన చెప్పిన ఒప్పందం మీద సంతకాలు విలీనానికి ముందే పడాలి.

సమ్మెకు 14 రోజుల నోటీసు కావాలి. కన్సిలియేషన్ (రాజీ అధికారి ముందు చర్చలు) నడుస్తుండగా, అది ముగిశాక 7 రోజులదాకా సమ్మె చేయకూడదు. కన్సిలియేషన్ నడుస్తున్నంతకాలం వివాదంలో ఉన్న షరతులను యాజమాన్యం కూడా కార్మికులకు నష్టం కలిగేలా మార్చకూడదు. కాబట్టి వివాదాన్ని ఆలస్యం చేయకుండా లేవనెత్తండి.