మీటర్ ముల్లు మధ్యలోకొస్తే చాలదు: పాత ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్‌లోంచే చూసి తీసే ఫిల్మ్ కెమెరా) వ్యూఫైండర్ చదవడం ఎలా

కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు తెలిసిన రంగు ఒక్కటే, 18 శాతం బూడిద. తెల్ల పంచె చూపించినా, గుడి మండపంలో నల్లరాతి స్తంభం చూపించినా దాన్ని నడిబూడిదే అనుకుంటుంది. ఆ బూడిద ఫిల్మ్ మీద పడటానికి ఎంత వెలుగు కావాలో అంతే లెక్క చెబుతుంది. వ్యూఫైండర్‌లో కనిపించే మీటర్ ముల్లు మధ్యలోకి వచ్చిందంటే మీరు చూపించిన వస్తువు బూడిదగా వస్తుందన్నమాట. ఫొటో బాగా వస్తుందని కాదు.

అయితే ముల్లును నమ్మేముందు బ్యాటరీ చూడాలి. అడుగున ఉన్న మూతను రూపాయి బిళ్ళతో తిప్పి తీయండి. చెన్నై సముద్రపు గాలికి లోపలి రేకు మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉండటం మామూలే. దూదిపుల్లను వెనిగర్‌లో కొద్దిగా తడిపి ఆ పొడిని తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి ఆరనివ్వండి. పెంటాక్స్ కె1000కు బటన్ సెల్ ఒకటి, నికాన్ ఎఫ్‌ఎం, ఎఫ్‌ఎం2లకు రెండు కావాలి. ఆల్కలైన్ రకమైన ఎల్‌ఆర్44 పనిచేస్తుంది కానీ వాడేకొద్దీ దాని వోల్టేజి జారిపోతూ ఉంటుంది. నాలుగు రూపాయలు ఎక్కువైనా సిల్వర్ ఆక్సైడ్ రకమైన ఎస్‌ఆర్44 మేలు, చివరిదాకా నిలకడగా ఉంటుంది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో అడిగేటప్పుడు ‘ఎస్‌ఆర్’ అని నొక్కి చెప్పండి, లేదంటే ఎల్‌ఆర్ చేతిలో పెడతారు.

ఒలింపస్ ఓఎం-1, మినోల్టా ఎస్‌ఆర్‌టీ-101 లాంటివి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి తయారైనవి. ఆ బ్యాటరీలు ఇప్పుడు రావు. వాటి బదులు 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే ముల్లు అవసరానికి మించి లేస్తుంది. వెలుగు ఎక్కువుందని భ్రమపడి మీరు ఎపర్చర్‌ను, అంటే లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రాన్ని, మూసేస్తారు, నెగటివ్ పలచబడుతుంది. వినికిడి యంత్రాలకు వాడే 675 జింక్-ఎయిర్ సెల్ దాదాపు 1.4 వోల్టులు ఇస్తుంది కాబట్టి అది నయం. సైజు చిన్నది, చుట్టూ ఒక రబ్బరు రింగు పెట్టాలి. స్టిక్కర్ పీకి రెండు మూడు నిమిషాలు గాలి తగలనిచ్చాకే లోపల వేయండి. ఒకసారి స్టిక్కర్ పీకాక, వాడినా వాడకపోయినా అది కొన్ని నెలల్లో అయిపోతుంది.

ఆ తర్వాత ఐఎస్‌ఓ, అంటే వెలుగును ఫిల్మ్ ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే అంకె. వేసిన ఫిల్మ్‌దే డయల్ మీద పెట్టాలి. కె1000లో షటర్ స్పీడ్ (ఫిల్మ్ మీద వెలుగు పడే సమయం) డయల్ చుట్టూ ఉన్న రింగును పైకి లాగి తిప్పాలి. రీలు మార్చినప్పుడల్లా ఇది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

మీటర్ ఆన్ చేసే తీరు ఒక్కో కెమెరాకు ఒక్కోలా ఉంటుంది. కె1000కు స్విచ్చే లేదు, లెన్స్ మూత పెట్టడమే ఆఫ్ చేయడం. ఎఫ్‌ఎంలో ఫిల్మ్ తిప్పే లీవర్‌ను కొంచెం బయటికి లాగాలి. ఎఫ్‌ఎం2లో అలా లాగాక ఫొటో తీసే బటన్ సగం నొక్కాలి, అర నిమిషానికి అదే ఆరిపోతుంది. ఎడమ కన్నుతో చూసేవాళ్ళకు ఆ లీవర్ నుదుట్లో గుచ్చుకుంటుంది, దానికి మందు లేదు.

ఇక లోపల కనిపించేది. కె1000లో కుడి పక్కన ముల్లు ఉంటుంది. పైకి పోతే వెలుగు ఎక్కువ, కిందికి దిగితే తక్కువ. ఎఫ్‌ఎం2లో ముల్లు లేదు, ఎర్ర దీపాలుంటాయి. వెలుగును రెట్టింపు చేసినా సగం చేసినా అది ఒక స్టాపు. సున్నా ఒక్కటే వెలిగితే తేడా స్టాపులో అయిదో వంతు లోపే. ప్లస్, సున్నా కలిసి వెలిగితే ఒక స్టాపు దాకా ఎక్కువ. ప్లస్ ఒక్కటే వెలిగితే ఒక స్టాపు దాటిపోయింది. మైనస్ వైపూ ఇదే లెక్క. చీకట్లో దీపాలు కనిపించినట్టు ముల్లు కనిపించదు, సాయంత్రం షూటింగుకు అందుకే ఎఫ్‌ఎం2 హాయి. నికాన్ ఎఫ్‌ఈలో ముళ్ళు రెండు. ఆకుపచ్చది మీరు పెట్టిన షటర్ స్పీడ్, నల్లది మీటర్ అడిగేది. రెంటినీ కలపాలి. కెనాన్ ఏఈ-1తో మాత్రం జాగ్రత్త. లోపలి ముల్లు మీటర్ సూచించే ఎపర్చర్ చూపిస్తుంది. లెన్స్ మీది ఎపర్చర్ రింగును ‘ఏ’ (ఆటో) నుంచి తప్పించి చేత్తో తిప్పితే, మీరు పెట్టిన ఎపర్చర్ ఎంతో అది చెప్పదు.

ఎఫ్‌ఎం2 మీటర్ నడిమి 12 మిల్లీమీటర్ల వలయానికి 60 శాతం, మిగతా ఫ్రేముకు 40 శాతం విలువిస్తుంది. మెరీనాలో పొద్దున సూర్యుడికి ఎదురుగా నిలబడి పడవ తీస్తే ఆ 60 శాతంలోకి ఆకాశమే వచ్చేస్తుంది, పడవ బొగ్గుముక్కలా మిగులుతుంది. అదే కావాలంటే సరే. పడవ మీద రంగులు కూడా కనిపించాలంటే దగ్గరికి నడిచి, ఫ్రేము నిండా పడవే ఉండేట్టు మీటర్ చదివి, ఆ సెట్టింగు కదపకుండా వెనక్కి వచ్చి తీయండి. మైలాపూరు కపాలీశ్వరుడి గోపురం వెనక మబ్బు పట్టిన తెల్ల ఆకాశం ఉన్నా ఇదే చిక్కు. కెమెరాను కిందికి వంచి, ఆకాశం తప్పించి చదవండి.

తెలుపు, నలుపు వచ్చినప్పుడు మీరే దిద్దాలి. ఐఎస్‌ఓ 100 ఫిల్మ్ వేసి, ఎండలో సున్నం కొట్టిన గోడను ఎఫ్/16 ఎపర్చర్‌లో చదివితే మీటర్ 1/500 సెకను అడుగుతుంది అనుకోండి. అలాగే తీస్తే గోడ మాసిన బట్టలా వస్తుంది. రెండు స్టాపులు తెరిచి 1/125కి రండి, తెలుపు తెలుపుగా ఉంటుంది. నల్లరాయికి ఒక స్టాపు మూయాలి. ఏదీ తేలకపోతే, మీరు తీసే వస్తువు మీద పడే వెలుగులోనే అరచేయి పెట్టి చదివి ఒక స్టాపు తెరవండి. కలర్ నెగటివ్ అయితే ఎక్కువ వైపు మొగ్గినా ఓర్చుకుంటుంది, స్లయిడ్ ఫిల్మ్ అర స్టాపు తప్పినా చూపించేస్తుంది.

మీటర్ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవాలంటే, మబ్బులేని రోజు పదీ మూడు మధ్య, సూర్యుడు మీ వీపు వెనక ఉండగా ఎండ పడిన పచ్చగడ్డిని ఐఎస్‌ఓ 100, 1/125లో చదవండి. ఎఫ్/16 దరిదాపుల్లో రావాలి. ఎండలోనూ నీడలోనూ ఒకే స్టాపు ఎక్కువ చూపిస్తుంటే ఐఎస్‌ఓ డయల్‌తో సరిచేయొచ్చు, 200 ఫిల్మ్‌కు 100 పెడితే సరి. ఎండలో ఒకలా నీడలో ఇంకోలా తప్పుతుంటే డయల్ పనికిరాదు, మెకానిక్‌కు ఇవ్వాల్సిందే.

ఇంకో రెండు మోసాలు. కె1000లో వెలుగు కొలిచే కాడ్మియం సల్ఫైడ్ సెల్ నిదానం మనిషి. ఎండలోంచి మండపంలోకి అడుగుపెట్టగానే చదివితే పాత వెలుగే గుర్తుంచుకుంటుంది, అర నిమిషం ఆగండి. రెండోది, ఆ సెల్స్ ఐపీస్ (కన్ను పెట్టి చూసే అద్దం) పక్కనే ఉంటాయి. ట్రైపాడ్ మీద పెట్టి కన్ను తీసేసి దూరం నుంచి చూస్తే, వెనకనుంచి ఎండ దూరి ముల్లు పైకి లేస్తుంది. కళ్ళజోడు వాళ్ళకూ పక్కలనుంచి అంతే. చదివేటప్పుడు ఐపీస్ చుట్టూ ఎడమ చేయి అడ్డం పెట్టండి.