మనకు తెలిసిన పోనీని పోలిన బొమ్మ వెతకడం ఎలా?

మా అలమరలో ఉన్న గుర్రపు బొమ్మల్లో ఒక్కటీ ముచ్చటగా ఉందని కొన్నది కాదు. ఇక్కడ ఇంగ్లండ్‌లో మా అమ్మాయి స్వారీ నేర్చుకున్న చోటి పోనీల (పొట్టి జాతి గుర్రాల) రూపాలే అవన్నీ. మేం మేత పెట్టని, డెక్కలు శుభ్రం చేయని గుర్రానికి మా ఇంట్లో చోటు లేదు. ఈ నియమం పెట్టుకోకపోతే జేబు ఖాళీ అవుతుంది, చూసుకోండి.

ముందు ఫొటోలు. యజమానిని అడిగి రెండు పక్కల నుంచీ, ముందు నుంచీ, వెనక నుంచీ తీయండి. నిలబడి తీస్తే కాళ్లు పొట్టిగా పడతాయి, మోకాళ్ల మీద కూర్చోండి. మచ్చల పోనీకి ఎడమ పక్క మచ్చలు కుడి పక్క ఉండవు కాబట్టి ఒక్క ఫొటో చాలదు. పంచకల్యాణి అయితే నాలుగు కాళ్ల తెలుపూ ఒకే ఎత్తు వరకు ఉందా, లేదా అన్నదీ చూడండి.

తర్వాత ఎత్తు. పోనీలను మూపు దగ్గర 'హ్యాండ్స్'లో కొలుస్తారు, ఒక హ్యాండ్ 4 అంగుళాలు. గుర్రపు బొమ్మలు చేసే బ్రేయర్ కంపెనీ వాళ్ల పెద్ద సైజు 'ట్రెడిషనల్' బొమ్మలు 1:9 కొలతలో, అంటే అసలు గుర్రంలో తొమ్మిదో వంతు ఉంటాయి. ఆ లెక్కన 12 హ్యాండ్స్ పోనీకి మూపు దగ్గర సుమారు 5.3 అంగుళాల బొమ్మ కావాలి. పక్కపక్కన పెట్టాలనుకుంటే అన్నీ ఒకే స్కేలులో తీసుకోండి. లేదంటే మరీ పొట్టిదైన షెట్లాండ్ పోనీ రేసు గుర్రమంత కనిపిస్తుంది.

పెట్టె మీద రాసిన జాతి పేరు నేను పట్టించుకోను. మెడ, పొట్ట, నిలబడే తీరు చూస్తాను. జూలు ఎగరేసుకుంటూ దూకే బొమ్మలు దుకాణాల్లో బోలెడు. కానీ స్వారీ బడి పోనీ ఎక్కడైనా అలా దూకుతుందా? వెనక కాలు ఒకటి వదులుగా పెట్టి కునికిపాట్లు పడుతుంది. టాఫీ అనే పోనీకైతే గుండ్రటి పొట్ట ఉన్న బొమ్మ దొరికేదాకా ఆగాం.

రంగు దగ్గరే అసలు టెన్షన్. 'గ్రే' అనే పోనీలు పుట్టినప్పుడు ముదురు రంగులో ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. కాబట్టి ఏ వయసు పోనీ కావాలో ముందే తేల్చుకోండి. మీ పిల్ల మొదటిసారి ఎక్కిన నాటి రంగే మేలని నా అభిప్రాయం. చలికాలపు బొచ్చుకీ ఎండాకాలపు నునుపుకీ కూడా రంగు మారుతుంది, ఫొటోలన్నీ ఒకే కాలంలోవి ఉండాలి.

సరిగ్గా సరిపోయే బొమ్మ దొరకడం అరుదు. గీతలు పడ్డ పాత బొమ్మను చవగ్గా కొని రంగు మార్చుకోవచ్చు. సబ్బు నీళ్లతో కడిగి, సన్న ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలి పూత) వేసి, యాక్రిలిక్ రంగును పలచగా పొరలు పొరలుగా వేయండి. పాత రంగు పోతుందని అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) మాత్రం తాకించకండి. బ్రేయర్ పెద్ద బొమ్మలకు వాడే సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ అందులో కరిగిపోతుంది. ఎండ తగిలే కిటికీ దగ్గరా, హీటర్ పైనా పెడితే పసుపెక్కుతాయి, కాళ్లు వంగుతాయి.

మీకు చేయి తిరగకపోతే రంగులు వేసిచ్చే కళాకారులున్నారు. ఫొటోలు పంపి, ధరా గడువూ మాట్లాడుకున్నాకే బొమ్మ పంపండి.