టీవీలో సినిమా కుదుపుగా కదులుతోందా?

కెమెరా పొలం మీదుగా మెల్లగా పక్కకి జరిగే షాట్ వస్తే, గట్టు మీది తాటిచెట్లు సాఫీగా కదలకుండా చిన్న చిన్న కుదుపులతో పోతుంటాయి, గమనించారా? నేనైతే నెట్ స్లో అనుకుని రూటర్‌ని రెండుసార్లు ఆపి ఆన్ చేశాను. పాపం, దాని తప్పేం లేదు.

సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. టీవీ బాక్స్ మాత్రం మామూలుగా 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 60 సార్లు, బొమ్మని టీవీకి పంపుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అర ఫ్రేమ్ చూపించడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేమ్‌ని 2 సార్లు, తర్వాతిదాన్ని 3 సార్లు చూపిస్తుంది. ఆ ఎగుడుదిగుడే మన కంటికి కుదుపు. 120 హెర్ట్జ్‌లో అయితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా 5 సార్లు, గొడవే లేదు.

ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ ఉంటే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే విభాగంలో ‘మ్యాచ్ కంటెంట్ ఫ్రేమ్ రేట్’ వెతకండి. బాక్స్ పంపే వేగాన్ని సినిమా ఫ్రేముల వేగానికి సరిపోయేలా మార్చే సెట్టింగ్ ఇది. ముందు ‘సీమ్‌లెస్’ పెట్టండి. తెర నల్లబడకుండా మారగలిగితేనే మారుస్తుంది. కుదుపు ఇంకా ఉంటే ‘నాన్ సీమ్‌లెస్’. దీంతో సినిమా మొదలయ్యేటప్పుడు, ఆపేటప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది. ఇంట్లో వాళ్లకి ముందే చెప్పండి, మా అమ్మ ‘కరెంటు పోయిందా’ అంది! యాప్ కూడా సహకరించాలి, అన్నీ సహకరించవు. ఆపిల్ టీవీలో ఇదే పని చేసేది ‘మ్యాచ్ ఫ్రేమ్ రేట్’.