ఫిట్‌నెస్ రీల్ చూసి పైసలు పెట్టే ముందు

రీల్ నచ్చింది, సరే. ఫాలో కొట్టే ముందు, ముఖ్యంగా ఏదైనా కొనే ముందు, ఆ మనిషి ప్రొఫైల్‌లోకి పోయి బయో కింద ఉన్న లింక్ నొక్కండి. అది ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి: ప్రొటీన్ డబ్బాలు అమ్మే సైట్‌కా, వాట్సాప్‌లో "పర్సనల్ ప్లాన్" అమ్మే నంబరుకా, సొంత జిమ్‌కా, లేక అసలు లింకే లేదా? ఆయన చెప్పే మాటల్లో సగం ఎందుకు చెబుతున్నాడో అక్కడే తెలిసిపోతుంది. అమ్ముకోవడం తప్పేమీ కాదు, నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర షాపు పెట్టుకున్నాయన కూడా అమ్ముకునే బతుకుతాడు, కానీ ఆయన షాపు బోర్డు దాచిపెట్టడు కదా. రీల్‌లో మాత్రం "తమ్ముళ్ల మంచి కోసం చెప్తున్నా" అని మొదలై చివర్లో "నా కోడ్ కొట్టండి, పది శాతం తగ్గుతది" అని వస్తుంది. ఆ కోడ్ మీద మీరు డబ్బా కొంటే ఆయనకు కమీషన్ ముడుతుందన్న ముక్క ఎక్కడా వినపడదు.

చెప్పి తీరాలని రూల్ ఉంది. డబ్బో, ఫ్రీ వస్తువో, కమీషనో తీసుకుని ఒకదాన్ని పొగిడితే అది ప్రకటన అని స్పష్టంగా చూపించాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఆరోగ్యం, ఫిట్‌నెస్ గురించి మాట్లాడేవాళ్ల కోసం ఇంకో మార్గదర్శకం వచ్చింది: సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఆ సంగతి చెప్పాలి, నిపుణుల్లా మాట్లాడే మిగతావాళ్లు తమ మాట డాక్టర్ సలహాకు బదులు కాదని చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. కాబట్టి "పెయిడ్ పార్ట్‌నర్‌షిప్" అని పైన రాసుకున్నవాణ్ని అనుమానంగా చూడకండి, అతను కనీసం దాచలేదు. ప్రతి వీడియోలో ఒకే కంపెనీ డబ్బా బల్ల మీద కనపడుతూ, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తనివాడితోనే జాగ్రత్త.

ఇక కండలు. "బాడీ ఉంది కదన్నా, తెలియకుండనే వచ్చిందా?" అని జిమ్‌లో పిల్లలు అడుగుతుంటారు. తెలిసే వచ్చి ఉండొచ్చు, కానీ ఆయనకు తెలిసినదే మీకు చెబుతున్నాడన్న గ్యారంటీ లేదు. అమెరికాలో లివర్ కింగ్ అని ఒకాయన, అసలు పేరు బ్రయాన్ జాన్సన్, పచ్చి లివర్ తిని, ఆదిమానవుల్లా బతికి ఈ ఒళ్లు తెచ్చుకున్నానని చెప్పి సప్లిమెంట్లు అమ్మాడు. ఈమెయిళ్లు బయటపడి, నెలకు 11 వేల డాలర్లకు పైగా హార్మోన్ మందులకే పోతున్నాయని తేలాక, 2022 డిసెంబరులో స్టెరాయిడ్లు వాడుతున్నానని తనే వీడియో పెట్టి ఒప్పుకున్నాడు. అప్పటిదాకా లక్షల మంది నమ్మారు.

మందుల్లేకుండా అంత కండ వస్తుందా అని ఫోన్ కాలిక్యులేటర్‌తో చూసుకునే ఒక లెక్క ఉంది. బరువులోంచి కొవ్వు తీసేయండి, మిగిలిన కిలోలను మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించండి. 173 సెంటీమీటర్ల ఎత్తు, 85 కిలోల బరువు, 10 శాతం కొవ్వు అని చెప్పుకునేవాడికి 76.5ని 1.73తో రెండుసార్లు భాగిస్తే సుమారు 25.6 వస్తుంది. దీన్ని ఎఫ్ఎఫ్ఎంఐ (కొవ్వు తీసేసిన బరువు సూచిక) అంటారు. స్టెరాయిడ్లు వాడనివాళ్లలో ఇది సుమారు 25 దగ్గర ఆగిపోతుందని 1995లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. 25 దాటిన ప్రతివాడూ సూది పొడుచుకున్నాడని కాదు, పుట్టుకతోనే గట్టి ఒళ్లు ఉన్నవాళ్లు కొందరుంటారు. కానీ 27, 28 దగ్గర ఉండి, ఏడాది పొడవునా కడుపు మీద గీతలు కనపడుతూ, "అంతా పల్లీలు, గుడ్లు తమ్మీ" అంటే మాత్రం నవ్వుకుని కిందికి జరపండి.

బిఫోర్, ఆఫ్టర్ ఫొటోల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: లైటు, కడుపు లోపలికి లాగడం, ఫొటోకు ముందు పది నిమిషాలు డంబెల్స్ ఎత్తడం, ఇవి చాలు. ఫొటో మీద అనుమానముంటే గూగుల్ లెన్స్‌లో వేయండి, వేరే దేశపువాడి ఫొటో అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

ఇన్‌స్టాలో నీలం టిక్కు చూసి కూడా మోసపోకండి. 2023 జూన్ నుంచి మన దేశంలో దాన్ని నెలకింత అని కట్టి తెచ్చుకోవచ్చు. ఆ అకౌంట్ ఆయనదే అని చెప్పడం వరకే దాని పని, ఆయన చెప్పేది నిజమా కాదా అన్నదానితో సంబంధం లేదు. అంతకంటే పనికొచ్చేది ఇన్‌స్టాలో పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే వచ్చే "అబౌట్ దిస్ అకౌంట్". అకౌంట్ ఎప్పుడు తెరిచారో, ఎన్నిసార్లు పేరు మార్చారో అందులో కనపడుతుంది. నిన్నటిదాకా లోన్ యాప్‌ల పేజీ, ఇవాళ "డైట్ గురు" అయినవి మస్తున్నాయి. యూట్యూబ్‌లో అయితే వీడియోలను పాతవి ముందు వచ్చేలా పెట్టి చూడండి. రెండేళ్ల కింద ఫ్యాట్ బర్నర్ గొప్పదని చెప్పి, ఇప్పుడు "ఫ్యాట్ బర్నర్లు దండగ, నా టీ పొడి తాగండి" అంటున్నాడంటే మారింది సైన్స్ కాదు, స్పాన్సర్. మనిషి అభిప్రాయం మార్చుకోవడం మంచిదే, కాకపోతే పాత వీడియో తీసేయకుండా "అప్పుడు తప్పు చెప్పాను" అన్నవాడికే ఆ మార్కులు.

పేరు ముందు "డాక్టర్" ఉంటే ఏ డాక్టరో చూడండి. ఫిజియోథెరపిస్టూ పెట్టుకుంటాడు, పీహెచ్‌డీ చేసినవాడూ పెట్టుకుంటాడు, ఏదీ లేనివాడూ పెట్టుకుంటాడు. ఎంబీబీఎస్ అయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఉండాలి, అది ఆన్‌లైన్‌లోనే వెతకొచ్చు. ట్రైనర్ అయితే ఎక్కడ నేర్చుకున్నాడో అడగండి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా చేసినవాడికీ, రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌ను ఫ్రేమ్ కట్టించుకున్నవాడికీ చాలా తేడా ఉంది. అయితే కాగితం ఒక్కటే చూడకండి, కాగితం ఉండి అబద్ధాలు చెప్పేవాళ్లూ ఉన్నారు.

మన దగ్గర ఎక్కువగా మోసపోయేది పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లోనో, పాలమూరు స్టేడియంలోనో తెల్లారకముందే చూడండి, నోటిఫికేషన్ మాట వినపడితే చాలు నిండిపోతాయి. తెలంగాణ పోలీసు 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్‌కు మగవాళ్ల ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 152.5. మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. సెంటీమీటరో, పది సెకన్లో తక్కువపడే పిల్లలకు ఆ టెన్షనే ఉంటుంది కాబట్టి, అమ్మేవాళ్లు సరిగ్గా అక్కడే వల వేస్తారు. "నెలలో రెండు ఇంచులు" అనే పౌడర్ ఏదైనా అబద్ధమే. టీనేజీ చివరికొచ్చేసరికి ఎముకల చివర్లలో పెరిగే భాగం మూసుకుపోతుంది, ఆ తర్వాత వేలాడినా, పౌడర్ తాగినా ఎముక పొడుగు పెరగదు. ఎత్తు పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. షుగర్ తగ్గిస్తామన్నవీ, ఊబకాయం పోగొడతామన్నవీ అదే జాబితాలో ఉన్నాయి.

పరుగు నేర్పేవాడిలో నిజం ఉందో లేదో చూడటం ఇంకా తేలిక. 7 నిమిషాల 15 సెకన్లంటే 400 మీటర్ల రౌండు ఒక్కోటి సుమారు 1 నిమిషం 48 సెకన్ల చొప్పున నాలుగు. తెలిసినవాడు ముందు మీ ఇప్పటి టైమ్ అడుగుతాడు, ఎన్నాళ్లుందో అడుగుతాడు, వారంలో ఒకటి రెండు రోజులు వేగంగా, మిగతా రోజులు మెల్లగా పరుగెత్తమంటాడు, మోకాలి కింద ముందు ఎముక నొప్పి పుడితే ఆగమంటాడు. తెలియనివాడు "15 రోజుల్లో గ్యారంటీ" అంటాడు. "స్టామినా కోసం డీఎం చేయండి" (అంటే ప్రైవేటుగా మెసేజ్ పెట్టండి) అన్నాడంటే ఇంకా దూరం జరగండి. మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు చాలాచోట్ల జిమ్‌లలోకి అలాగే చేరాయి. అది ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే డాక్టర్లు ఇచ్చే మందు. పరుగు ముందు తీసుకుంటే గుండె మీదికి వస్తుంది.

ఇంకొకటి, నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకు. నడుము పట్టేసిందనో, మెడ తిరగడం లేదనో అంటే హైదరాబాదులోనో ముంబైలోనో కూర్చున్నవాడు "మొబిలిటీ లేదు, రోజూ ఈ అయిదు స్ట్రెచ్‌లు" అని వీడియో పెడతాడు. ఆయనకు మీ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి తెలియదు. గడ్డం ఛాతీకి ఆనడం లేదా, మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయలేరా, చెయ్యి మడిచి తల వెనక పెట్టుకోలేరా అన్నవి ఫ్లోరోసిస్ (ఆ నీళ్ల వల్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు) అనుమానం వచ్చినప్పుడు ఊళ్లలో చేయించి చూసే పరీక్షలు. చేయలేకపోతే అదే జబ్బని కాదు, వయసు వల్లా ఒళ్లు బిగుసుకుంటుంది. కానీ ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగిన మనిషికి బలవంతంగా వంచే వ్యాయామాలు మొదలుపెట్టించే ముందు డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించాలి. చూసేవాడి వయసు, ఊరు, జబ్బు అడగకుండా అందరికీ ఒకటే చెప్పేవాడి మీద నమ్మకం తగ్గించుకోమనేది ఇందుకే.

తిండి దగ్గర కూడా అంతే. అవకాడో, క్వినోవా, సాల్మన్ లేకుండా ప్లానే చెప్పలేనివాడికి మన పళ్లెం తెలియదు. ప్రొటీన్ లెక్క పెద్ద కష్టం కాదు: మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెబుతుంది, గట్టిగా బరువులెత్తేవాడికి 1.6 దాకా ఉపయోగముంటుంది. 60 కిలోల పిల్లాడికి అది 50 నుంచి 96 గ్రాములు. నాలుగు గుడ్లలో 24, యాభై గ్రాముల కందిపప్పులో 11, గుప్పెడు పల్లీల్లో 7, వంద గ్రాముల పిండితో చేసిన జొన్న రొట్టెల్లో 10, పైన పెరుగు, సాయంత్రం పెసర గుడాలు, ఆదివారం చికెన్ ఉండనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ పౌడర్లకు దూరంగా ఉండమనే చెప్పింది. నన్నడిగితే అది కాస్త కఠినం, తిండితో నిండనివాడు మంచి వే ప్రొటీన్ ఒక స్కూప్ తాగితే కొంపలేమీ మునగవు. కానీ అదే ఏడాది మన మార్కెట్లోని 36 ప్రొటీన్ పౌడర్లను పరీక్షిస్తే దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన లెక్కకూ లోపలున్నదానికీ పొంతన లేదని తేలింది. కాబట్టి డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు చూసి, దాన్ని ఆ సంస్థ లైసెన్సుల సైట్ ఫాస్కాస్‌లో కొట్టి కంపెనీ పేరు కలుస్తుందో లేదో చూడండి. కలిస్తే లైసెన్సు ఉందని మాత్రమే అర్థం, సరుకు మంచిదని కాదు. బ్యాచ్ వారీ ల్యాబ్ రిపోర్టు చూపించే కంపెనీ అయితే ఇంకొంచెం మేలు.

ఇన్ని చూసే ఓపిక లేకపోతే కామెంట్లలో మర్యాదగా ఒక ప్రశ్న వేయండి: "అన్నా, మా నాన్నకు షుగర్, బీపీ ఉన్నాయి, ఇది చేయొచ్చా?" "మందులు వాడుతున్నారా? ముందు డాక్టర్ని అడగండి" అంటే మంచిది. "అందరూ చేయొచ్చు, డీఎం చేయండి" అంటే అన్‌ఫాలో కొట్టండి. కామెంటే మాయం కావొచ్చు, స్క్రీన్‌షాట్ ముందే తీసిపెట్టుకోండి. డబ్బులు కట్టి మోసపోయిన కేసైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు ఆ స్క్రీన్‌షాట్, కట్టిన యూపీఐ రసీదు, ఆ వీడియో లింక్, మూడూ దగ్గర ఉంచుకోండి.