పాత గోడకు సున్నం పని – పాఠం 4: సందులు నింపడం

పోయిన పాఠంలో సున్నాన్ని చల్లార్చి, ముద్ద చేసి నిల్వ పెట్టాం. ఈసారి ఆ ముద్దతో ఇటుకల మధ్య సందులు నింపుదాం.

ముందు గోడను నిదానంగా చూడండి. పాత ఇళ్లలో ఎక్కడో ఒకచోట సిమెంటు మెత్తేసి ఉంటారు. అక్కడ ఇటుకలు పొరలు పొరలుగా రాలిపోయి, సిమెంటు గీత మాత్రం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. గోడలోని చెమ్మ ఎటో ఒకవైపు పోవాలి కదా! సందులో సున్నం ఉంటే అందులోంచే పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే ఇటుకలోంచి పోతుంది. వెంట తెచ్చిన ఉప్పు అక్కడే పేరుకుని ఇటుకను లోపల్నుంచి పగలగొడుతుంది. సందులో పెట్టేది ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగా ఉండాలి. అరిగితే అదే అరగాలి, మళ్లీ నింపుకోవచ్చు. హైదరాబాదు కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టిన మరమ్మతుల్లో, పాత సిమెంటు పూతలను చెక్కి తీసి సున్నమే వేశారు.

సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలపాలనగానే అందరికీ హుషారే. ఇసుక జల్లించమంటే ఎవరూ కదలరు! నా లెక్కలో సగం పని ఇసుకదే. గుప్పిట నలిపితే కరకరలాడాలి, మట్టి అంటకూడదు. ముతక, సన్నం కలిసి ఉండాలి. సముద్రపు ఇసుక వద్దు.

ఒక వంతు ముద్దకు మూడు వంతుల ఇసుక. నీళ్లు కలపాలనిపిస్తుంది, ఆగండి. దంచే కొద్దీ దానంతటదే మెత్తబడుతుంది. వెనకటికి ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద డంగు సున్నం నలిగేది. మన మోతాదుకు రోకలి చాలు. తాపీ మీద కొంచెం పెట్టి తలకిందులు చేయండి. జారకుండా పట్టుకుని ఉంటే కుదిరినట్టే.

సందు వెడల్పుకు రెండింతల లోతు వరకు పాత సరుకు తీయండి. చేతి ఉలి, చిన్న సుత్తి మాత్రమే వాడండి. కటింగ్ మిషన్ ఇటుక అంచులు తినేస్తుంది. దుమ్ము దులిపి, గోడను బాగా తడిపి, పైన నీటి మెరుపు పోయాక సన్నటి తాపీతో గట్టిగా కూరండి. లోతు ఎక్కువైతే రెండు మూడు దఫాలుగా నింపండి. ఇటుక ముఖం మీదికి పులమొద్దు. బొటనవేలితో నొక్కితే దిగకుండా, గోరు గీత మాత్రం పడే దశలో గట్టి బ్రష్షుతో కొట్టండి. నెర్రెలు మూసుకుంటాయి.

తర్వాత వారం రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది, దానికి చెమ్మా కావాలి, గాలీ కావాలి. మే నెల ఎండలో ఈ పని పెట్టుకోకండి. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వచ్చే పాఠానికి అభ్యాసం: పాత ఇటుకలు ఓ పది తెచ్చి, పెరట్లో చిన్న గోడ పేర్చి దాని మీద చేసి చూడండి. రక్షిత కట్టడాల మీద మాత్రం పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఉలి పెట్టొద్దు.