పూల్‌లో దొరికేది 45 నిమిషాలే: ఈత వేగం పెరగకపోతే ఎక్కడ వెతకాలి

మా కార్పొరేషన్ పూల్‌లో పెద్దవాళ్ల బ్యాచ్ పొద్దున 45 నిమిషాలు. షవరు, క్యాపు, గాగుల్స్ పోగా నీళ్లలో గడిపేది 35. అదీ వారానికి మూడు రోజులు. ఇంతలోనే 100 మీటర్ల ఫ్రీస్టైల్ టైమింగ్ తగ్గించుకోవాలనుకునే ఉద్యోగస్తుల కోసం ఇది రాస్తున్నాను. లెక్కలన్నీ 25 మీటర్ల పూల్‌కి.

సమస్య: నెలల తరబడి ఈదుతున్నా టైమింగ్ కదలడం లేదు

కారణం: రోజూ 30, 40 ల్యాపులు (ఒక గోడ నుంచి ఎదుటి గోడకు ఒక ల్యాపు) ఒకే వేగంతో కొట్టడం. ఆ వేగం విశ్రాంతీ కాదు, రేసూ కాదు. రోజూ ఏ వేగంతో ఈదితే ఒళ్లు ఆ వేగానికే అలవాటు పడుతుంది.

పరిష్కారం: మీకు కావలసిన టైమింగ్‌ని నాలుగు భాగాలు చేయండి. 100 మీటర్లు 1 నిమిషం 20 సెకన్లలో కావాలంటే ఒక్కో 25కి 20 సెకన్లు. 20 సెకన్లలో ఈదండి, 20 సెకన్లు ఆగండి, మళ్లీ బయల్దేరండి. 16 సార్లు చేసినా 11 నిమిషాలు పట్టదు. కానీ అచ్చంగా రేసు వేగంతో 400 మీటర్లు ఈదినట్టు. ఏదైనా ల్యాపు 20 దాటితే తర్వాతిది వదిలేసి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టండి. రెండోసారీ తప్పితే ఆ రోజుకి ఆ సెట్ ఆపేయాలి. మొండిగా లాగితే, అలసిపోయి పాడైన స్ట్రోకే చేతులకు అలవాటవుతుంది. మొదటి రోజు నాకు 7 మాత్రమే వచ్చాయి. అది మామూలే, కంగారు పడకండి.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది క్రీడాశాస్త్రవేత్త బ్రెంట్ రషల్. టోక్యో ఒలింపిక్స్‌లో 4×100 మెడ్లీ రిలే (నలుగురు ఒక్కొక్కరు ఒక్కో రకం ఈత ఈదే పోటీ) స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులోని మైఖేల్ ఆండ్రూ చిన్నప్పటి నుంచి ఇలాగే సాధన చేశాడు. కొందరు కోచ్‌లు దీన్ని ఒప్పుకోరు, ముందు కిలోమీటర్ల కొద్దీ ఈది పునాది వేసుకోవాలంటారు. రెండు పూటలా పూల్ దొరికేవాళ్లకు ఆ మాట సరే. మన 35 నిమిషాలకు మాత్రం ఇదే సరైన దారి అని నా గట్టి నమ్మకం.

సమస్య: ఎంత బలంగా కొట్టినా ముందుకు పోవడం లేదు, కాళ్లు మునుగుతున్నాయి

కారణం దాదాపు ఎప్పుడూ తలే. బావుల్లో, కాలువల్లో ఈత నేర్చుకున్న మనలో చాలామందికి తల పైకెత్తి ఈదడం అలవాటు. అక్కడ ఎదుట ఏముందో చూసుకోవాలి కదా. పూల్‌లో అదే అలవాటు దెబ్బతీస్తుంది. తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. నీళ్లు గాలికన్నా దాదాపు 800 రెట్లు సాంద్రమైనవి, పైగా వేగం రెట్టింపైతే వాటి అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. అందుకే బలం పెంచుకునే ముందు అడ్డు తగ్గించుకోవాలి.

పరిష్కారం: పూల్ అడుగున ఉన్న నల్ల గీతను తిన్నగా కిందికి చూడండి. ఊపిరి కోసం తల ఎత్తకుండా పక్కకు తిప్పండి, ఒక గాగుల్ అద్దం నీళ్లలోనే ఉండాలి. కిక్ తుంటి నుంచి రావాలి. మోకాళ్లు సైకిల్ తొక్కినట్టు మడిస్తే అవే బ్రేకులు.

సమస్య: 50 మీటర్లకే రొప్పు

కారణం: ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టడం. అలాగైతే తల తిప్పిన ఆ క్షణంలోనే వదలాలి, పీల్చాలి. రెండింటికీ టైం చాలదు. పరిష్కారం: నీళ్లలోనే ముక్కుతో, నోటితో బుడగలు ఆగకుండా వదలండి.

సమస్య: చేతులు వేగంగా తిప్పుతున్నా సెకన్లు తగ్గడం లేదు

ఒక ఆదివారం మా పాప గట్టున కూర్చుని నా స్ట్రోకులు లెక్కపెట్టింది. మొదటి 25కి 19, నాలుగోదానికి 26. అంటే చివర్లో చేయి నీటిని పట్టడం లేదు, జారిపోతోంది. కారణం మోచేయి ముందే కిందికి పడిపోవడం. పరిష్కారం: రెండు ల్యాపులు పిడికిలి బిగించి ఈదండి. అరచేయి లేనప్పుడు ముంజేతితో నీటిని నెట్టక తప్పదు, మోచేయి దానంతటదే పైన నిలబడుతుంది. తర్వాత చేయి విప్పితే తేడా వెంటనే తెలుస్తుంది. ఒక్కో ల్యాపుకీ సెకన్లు, స్ట్రోకులు కలిపి రాసుకోండి. ఆ మొత్తం తగ్గాలి.

సమస్య: గోడ దగ్గర పక్కవాళ్లు దాటిపోతున్నారు

100 మీటర్లలో మూడు టర్నులు. గోడ పట్టుకుని గుక్క తిప్పుకుంటే ఒక్కోదానికీ సెకనుకు పైనే పోతుంది. తాకిన వెంటనే తిరిగి, చేతులు చెవులకు ఆనించి నెట్టుకోండి, మొదటి స్ట్రోకుకి ఊపిరి తీసుకోకండి.

సమస్య: వార్మప్‌కే పది నిమిషాలు పోతోంది

గేటు తీయకముందే గట్టు బయట చేతులు తిప్పడం, స్క్వాట్లు, రబ్బరు బ్యాండు లాగడం చేసేయండి. నీళ్లలో నాలుగు ల్యాపులు చాలు. పూల్ లేని రోజుల్లో ఇంట్లో బ్యాండుతో మోచేయి పైన ఉంచి లాగే సాధన పది నిమిషాలు, మడమల మీద కూర్చుని చీలమండలు సాగదీయడం రెండు నిమిషాలు.

సమస్య: భుజం నొప్పి

ముందు చూడాల్సింది చేయి నీళ్లలోకి దిగేచోటు. తల ముందు అడ్డంగా దిగుతుంటే భుజానికి సూటిగా దింపండి. ఆ వారం రేసు వేగం సెట్లు మానేసి కిక్ మాత్రమే చేయండి, బోర్డు పట్టుకోకుండా చేతులు పక్కన పెట్టుకుని. రాత్రి ఆ పక్కకు పడుకోలేనంత నొప్పి ఉంటే ఫిజియోథెరపిస్టుకి చూపించాకే నీళ్లలో దిగండి.