ట్రామా (హింస లాంటివాటి వల్ల మనసుకు తగిలిన గాయం) సపోర్ట్ గ్రూప్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• చేరాలనుకునే ప్రతి ఒక్కరితో ముందే విడిగా 30 నిమిషాలు మాట్లాడండి. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. వస్తున్నాయంటే అదే రోజు డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి, గ్రూపు సంగతి తర్వాత.

• అందరూ ఒకే చోటివాళ్లయితే చుట్టరికాలు కనుక్కోండి. దెబ్బలు తిన్న మనిషి, కొట్టినవాడి బంధువు ఎదురెదురుగా కూర్చోకూడదు. చాలామంది మరిచిపోయేది ఇదే.

• 6 నుంచి 8 మంది చాలు. నడిపేవాళ్లు ఇద్దరు ఉండాలి: ఎవరైనా లేచి బయటికి వెళ్తే ఒకరు వెంట వెళ్లాలి, ఇంకొకరు గదిలో ఉండాలి.

• కుర్చీలన్నిటికీ తలుపు కనబడాలి. గడియ పెట్టొద్దు.

• ప్రాణాపాయం, పిల్లలపై హింస బయటపడితే గోప్యత పాటించలేమని మొదటే చెప్పండి. తర్వాత చెబితే నమ్మకద్రోహమే అవుతుంది.

• జరిగింది పూసగుచ్చినట్టు చెప్పమని ఎవర్నీ అడగొద్దు. చెప్పేవాళ్లతో పాటు వినేవాళ్ల గాయమూ రేగుతుంది. ఎవరికైనా చూపు ఒకేచోట నిలిచిపోయి మాట ఆగిందా, పేరు పెట్టి మెల్లగా పిలవండి. పాదాలు నేలకు ఆనించి, కనిపిస్తున్న 5 వస్తువుల పేర్లు చెప్పమనండి. కళ్లు మూసుకోమనొద్దు, కొందరికి ఆ దృశ్యాలే తిరిగొస్తాయి.

• చివరి 15 నిమిషాల్లో కొత్త విషయం ఎత్తనివ్వొద్దు.